ఫాదర్ గారిని ఎప్పుడు పిలవాలి?



మన విచారణల్లో తరచుగా కనిపించే సంగతి ఒకటుంది. ఇంటి పెద్దకు జబ్బు ముదురుతుంది. పట్నం తీసికెళతారు, స్కానింగులు తీయిస్తారు, అప్పు చేసైనా మందులు కొంటారు. విచారణ గురువుకు మాత్రం కబురు వెళ్ళదు. "ఫాదర్ గారిని చూస్తే నాన్న బెదిరిపోతాడు, ఇక లాభం లేదనుకుంటాడు" అంటారు. మాట పడిపోయాక, స్పృహ తప్పాక, ఒక్కోసారి ప్రాణం పోయాక మనిషిని పంపుతారు. ప్రేమతోనే ఇలా చేస్తారు. కాని దానివల్ల రోగికి ఏమేమి దక్కకుండా పోతున్నాయో ఈ వారం ఆలోచిద్దాం.

మరణం మాట ఎత్తవచ్చా?

చావు మాట ఎత్తడం అశుభమని మనలో చాలామంది అనుకుంటారు. పరిశుద్ధ గ్రంథం అలా అనుకోదు. 90వ కీర్తన మనిషి ఆయుష్షును డెబ్బై ఏండ్లు, బలముంటే ఎనభై అని లెక్కవేసి, ఆ లెక్క మరచిపోకుండా బ్రతికే వివేకాన్ని దేవుణ్ణి అడుగుతుంది. సోక్రటీసు క్రీ.పూ. 399లో విషపాత్ర అందుకోబోయే రోజున తన మిత్రులతో ఆత్మను గురించి, మరణాన్ని గురించి నెమ్మదిగా చర్చించాడని ప్లేటో వ్రాశాడు. ఆయనకు తోడున్నది తర్కం. మనకు తోడున్నది మరణాన్ని రుచి చూసి, దాన్ని జయించి లేచిన ప్రభువు. గెత్సెమనే తోటలో ఆ ప్రభువు కూడా వేదన పడ్డాడు. కాబట్టి చావంటే భయం కలగడం పాపం కాదు. ఆ భయంలో రోగిని ఒంటరిగా విడిచిపెట్టకూడదు.

శ్రీసభ బోధన

రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలనీ, వారు తైలం పూసి ప్రార్థించాలనీ యాకోబు లేఖ 5వ అధ్యాయం బోధిస్తుంది. పూర్వం ఈ సంస్కారాన్ని "అవస్థ అభ్యంగనం" అనేవారు. ఆ పేరు వల్లనే ఇది చనిపోయేవారికి మాత్రమే అన్న అపోహ బలపడింది. రెండవ వాటికన్ మహాసభ 1963లో దీనికి "వ్యాధిగ్రస్తుల అభ్యంగనం" అన్న పేరే తగినదనీ, ఇది కేవలం చివరి ఘడియలో ఉన్నవారి కోసం కాదనీ ప్రకటించింది. 1972లో జగద్గురువులు ఆరవ పౌలు గారు కొత్త క్రమాన్ని ఆమోదించారు. అంతకుముందు కళ్ళు, చెవులు, ముక్కు, నోరు, చేతులు, పాదాలకు తైలం పూసేవారు. ఇప్పుడు నొసట, చేతులకు పూస్తారు.

అభ్యంగనం చావుకు ముందస్తు కబురు కాదనడానికి ఒక ఉదాహరణ చాలు. 1981 మే 13న జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారిపై కాల్పులు జరిగాయి. శస్త్రచికిత్సకు ముందే ఆయనకు అభ్యంగనం ఇచ్చారు. ఆ తరువాత ఆయన దాదాపు 24 ఏండ్లు శ్రీసభను నడిపించి, 2005 ఏప్రిల్ 2న కన్నుమూశారు.

ఎవరికి? ఎప్పుడు?

1. జబ్బు వల్ల గాని, వార్ధక్యం వల్ల గాని ప్రాణాపాయం మొదలైనప్పుడే పిలవాలి. చివరి ఘడియ కోసం కాచుకోనక్కరలేదు.

2. పెద్ద ఆపరేషన్‌కు ముందు తప్పక అడగవచ్చు.

3. కోలుకుని మళ్ళీ జబ్బుపడినా, అదే జబ్బు తీవ్రమైనా తిరిగి పొందవచ్చు.

4. అభ్యంగనం ఇవ్వగలిగేది గురువులు మాత్రమే. ఉపదేశిగారు, కన్యస్త్రీలు, ఇంటివారు రోగి ప్రక్కన ప్రార్థించవచ్చు, గురువుకు కబురు పంపవచ్చు.

5. స్పృహ లేకున్నా వెంటనే పిలవండి, అభ్యంగనం ఇవ్వవచ్చు. మరణించినవారికి సంస్కారం ఇవ్వరు, వారి ఆత్మ కోసం ప్రార్థిస్తారు.

డాక్టరును మానుకొమ్మని దీని అర్థం కాదు. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుణ్ణి గౌరవించమనీ, దేవుణ్ణి ప్రార్థించమనీ రెండూ చెబుతుంది.

ఆలస్యం వల్ల పోయేది ఏమిటి?

స్పృహ లేని రోగి నుదుట తైలం పూయవచ్చు. కాని అతడు నోరు తెరచి పాపసంకీర్తనం చేయలేడు. దివ్యసత్ప్రసాదం మింగలేడు. మాటలు లేని తమ్ముణ్ణి పిలిచి, గట్టు తగాదా మరచిపోదాం అనలేడు. మరణాసన్నుడు పుచ్చుకునే దివ్యసత్ప్రసాదం అతనికి దారిబత్తెం. పొలానికి వెళ్ళేవాడికే సద్దిమూట కట్టి పంపే మనం, తిరిగిరాని ప్రయాణానికి కన్నతండ్రిని వట్టి చేతులతో పంపుతామా? దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మన పెద్దలు ఊరకే అనలేదు.

రోగికి నిజం చెప్పడమంటే రిపోర్టు చదివి వినిపించడం కాదు. చేయి పట్టుకుని "నాన్నా, జబ్బు గట్టిదే. మేమంతా నీ దగ్గరే ఉన్నాం. ఫాదర్ గారిని రమ్మందామా?" అని అడిగితే చాలు. చాలాసార్లు రోగికి సంగతి ముందే తెలుసు. మనం బాధపడతామని అతడు, అతడు బాధపడతాడని మనం మౌనంగా ఉండిపోతాం. ఆ మౌనం తొలగితే ఇంట్లో కన్నీళ్ళు వస్తాయి, వాటితోపాటు శాంతి కూడా వస్తుంది.

ఆరోగ్యంగా ఉన్నవారి మాట

రోజులు లెక్కించడం మంచం పట్టాక నేర్చే విద్య కాదు. నిద్రపోయే ముందు ఆత్మశోధన చేసుకునేవారు, తీర్చవలసిన బాకీని, అడగవలసిన క్షమాపణను రేపటికి వాయిదా వేయనివారు రోజూ కొంచెం కొంచెంగా దానిని నేర్చుకుంటున్నట్లే.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోండి

* మన ఇంట్లో, మన వీధిలో గురువు రాక కోసం ఎదురుచూసే రోగులు, వృద్ధులు ఎవరు?

* నేను జబ్బుపడితే గురువును పిలవమని నా వాళ్ళకు చెప్పి ఉంచానా?

* ఈ వారంలోనే నేను మాట కలపవలసిన మనిషి ఎవరు?

సజ్జన మరణానికి పాలకుడైన పునీత జోజప్పగారు, యేసు మరియల సన్నిధిలో కన్నుమూసే భాగ్యం పొందారని శ్రీసభ విశ్వాసం. ఆ భాగ్యం మన ఇండ్లలోని ప్రతి రోగికి దక్కేలా ఆయన మనకోసం ప్రార్థించునుగాక. ఆమెన్.