వైన్ ద్రాక్ష రకాలు – తొలి పరిచయం

ద్రాక్ష అనగానే తెలుగు రాష్ట్రాల రైతులకు స్ఫురించేవి హైదరాబాదు పరిసరాలలో పేరు పొందిన అనాబ్-ఎ-షాహి, థాంప్సన్ సీడ్‌లెస్ వంటి తినే రకాలు. వైన్ తయారీకి వాడే రకాలు వీటికి భిన్నమైనవి. వీటిని సాగు చేయవచ్చునా అని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సలహా అనేక సంవత్సరాలపాటు ఆ రైతు భూమిని, పెట్టుబడిని ఒకే పంటకు కట్టివేస్తుంది. థాంప్సన్ సీడ్‌లెస్ ధర పడిపోతే ఎండుద్రాక్షగానైనా మార్చుకోవచ్చు. చిన్న పండ్లు, గింజలు గల వైన్ ద్రాక్షకు వైనరీ తప్ప వేరే మార్కెట్ దాదాపు లేదు. కాబట్టి రకాల పేర్లతోపాటు వాటి స్వభావాన్ని కూడా తెలుసుకోవడం అవసరం.

తినే ద్రాక్షకు, వైన్ ద్రాక్షకు తేడా

ప్రసిద్ధ వైన్ రకాలన్నీ వైటిస్ వినిఫెరా జాతికి చెందినవే. తినే రకాలలో పెద్ద పండు, గట్టి కండ, పలుచని తొక్క కోరదగిన గుణాలు. వైన్ రకాలలో పండు చిన్నదిగా, రసం అధికంగా ఉండాలి. పండు చిన్నదైన కొద్దీ రసంతో పోలిస్తే తొక్క పాలు పెరుగుతుంది. నల్ల రకాలలో అధిక భాగానికి రసం రంగు లేనిదే. రంగునిచ్చే ఆంథోసయనిన్లు తొక్కలో, వగరునిచ్చే టానిన్లు తొక్కలోనూ గింజలోనూ ఉంటాయి. అందుకే ఎర్ర వైన్ కోసం రసాన్ని తొక్కలతో కలిపి పులియబెడతారు. తెల్ల వైన్ కోసం ముందుగా రసం పిండి, తొక్కలను తొలగిస్తారు.

తినే ద్రాక్షను సాధారణంగా 16–18 డిగ్రీల బ్రిక్స్ వద్ద కోస్తే, వైన్ ద్రాక్షను 22–24 డిగ్రీల వరకు గుత్తిమీదే ఉంచుతారు. వైన్‌లో 1 శాతం ఆల్కహాల్ ఏర్పడటానికి లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర కావాలి. అయితే చక్కెర ఒక్కటే చాలదు, తగినంత పులుపు కూడా మిగలాలి. పండులోని టార్టారిక్ ఆమ్లం వేడికి చాలావరకు నిలుస్తుంది. మాలిక్ ఆమ్లం మాత్రం వేడి పెరిగేకొద్దీ శ్వాసక్రియలో ఖర్చయిపోతుంది. కోత సమయం నిర్ణయించడమంటే పెరిగే చక్కెరను, తగ్గే ఆమ్లాన్ని కలిపి చూడటమే.

ప్రధాన నల్ల రకాలు

కాబర్నే సావిన్యాన్: ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు రకం. కాబర్నే ఫ్రాంక్, సావిన్యాన్ బ్లాంక్ రకాల సంకరమని 1997లో డి.ఎన్.ఎ. పరీక్షల ద్వారా తేలింది. పండు చిన్నది, తొక్క మందం, టానిన్లు అధికం. ఆలస్యంగా పండుతుంది. పూర్తిగా పక్వానికి రాకపోతే వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన మిగులుతుంది.

మెర్లో: ఇదీ బోర్డో రకమే. కాబర్నే సావిన్యాన్ కంటే ముందుగా పండుతుంది. వగరు తక్కువ కాబట్టి వైన్ మృదువుగా ఉంటుంది.

సిరా లేక షిరాజ్: ఫ్రాన్సులోని రోన్ లోయ దీని పుట్టినిల్లు. ఆస్ట్రేలియాలో షిరాజ్ అని పిలుస్తారు. వెచ్చని వాతావరణంలోనూ మంచి రంగునిస్తుంది.

పీనో నువార్: బర్గండీ ప్రాంతపు చల్లదనానికి అలవాటుపడిన రకం. తొక్క పలుచన, గుత్తి బిగుతు. కాబట్టి తేమలో కుళ్ళు తెగులు త్వరగా సోకుతుంది. షాంపేన్ ప్రాంతంలో దీని రసాన్ని వెంటనే పిండి తెల్లని నురుగు వైన్ కూడా తయారు చేస్తారు.

టెంప్రనీయో: స్పెయిన్ రకం. ముందుగా అనే అర్థం గల స్పానిష్ మాట నుంచి దీనికి ఆ పేరు వచ్చింది.

ప్రధాన తెల్ల రకాలు

షార్డొనే: బర్గండీ రకం. పీనో, గూయే బ్లాంక్ రకాల సంకరం. వివిధ వాతావరణాలకు సర్దుకుపోతుంది. త్వరగా చిగురించడం వల్ల ఐరోపాలో వసంతకాలపు మంచుకు దెబ్బతినే ప్రమాదం ఉంది.

సావిన్యాన్ బ్లాంక్: లువార్ లోయలోను, బోర్డోలోను ప్రసిద్ధి. ఘాటైన పచ్చి సువాసన దీని గుర్తు. వేడి ఎక్కువైతే ఆ సువాసన తగ్గిపోతుంది.

షెనిన్ బ్లాంక్: లువార్ లోయ రకం. సహజంగా ఆమ్లత అధికం. దక్షిణాఫ్రికాలో విస్తారంగా సాగవుతున్నది.

రీస్లింగ్: జర్మనీ రకం. చలిని బాగా తట్టుకుంటుంది, ఆమ్లత ఎక్కువ.

నాసిక్‌లో తారుమారయ్యే పక్వకాలం

పాఠ్యగ్రంథాలలో 'ఆలస్యపు రకం' అన్నప్పుడు ఐరోపా ఋతువులే మనసులో ఉంటాయి. అక్కడ తీగ వసంతంలో చిగురించి, సెప్టెంబర్–అక్టోబర్ మాసాలలో కోతకు వస్తుంది. ఆలస్యపు రకం చలి పెరిగే రోజుల్లోకి జారుకుంటుంది. దానికి గల భయం పండు సరిగా పండదని.

మహారాష్ట్రలోని నాసిక్‌లో స్థితి వేరు. అక్కడ తీగ శీతాకాలపు నిద్రలోకి పోదు. ఏప్రిల్‌లో ఒకటి, వర్షాలు తగ్గాక మరొకటి చొప్పున ఏడాదికి రెండు కత్తిరింపులు చేసి ఒకే పంట తీస్తారు. జనవరి నుంచి మార్చి వరకు కోత సాగుతుంది. ఆలస్యపు రకం ఇక్కడ ఎండ ముదిరే రోజుల్లోకి ప్రవేశిస్తుంది. చక్కెర వేగంగా పెరుగుతుంది, పులుపు అంతకంటే వేగంగా పడిపోతుంది, రంగు, సువాసన వెనుకబడతాయి. ఆమ్లత సహజంగా అధికమైన షెనిన్ బ్లాంక్ నాసిక్‌లో నిలదొక్కుకోవడానికి ఒక కారణం ఇక్కడే కనిపిస్తుంది. దానితోపాటు సావిన్యాన్ బ్లాంక్, షిరాజ్, కాబర్నే సావిన్యాన్ అక్కడ ముఖ్యమైన రకాలు.

కత్తిరింపు తేదీ రైతు చేతిలో ఉన్నదే. దానిని ముందుకు జరిపితే పండు చల్లని రోజుల్లో పక్వమవుతుంది. కానీ వర్షాలు వెనుదిరగకముందే కత్తిరిస్తే లేత చిగురుకు బూజు తెగులు సోకుతుంది. అందువల్ల ఒక రకం ఒక ప్రాంతానికి తగునా అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు ప్రమాదాల నడుమ దొరికే రోజులను బట్టి ఉంటుంది.

వేరుమూలం

1860 దశకంలో ఫ్రాన్సులో వెలుగుచూసిన ఫిలోక్సెరా పురుగు వేర్లను నాశనం చేయడంతో, దానిని తట్టుకునే అమెరికా జాతుల వేరుమూలాలపై అంటుకట్టే పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. భారతదేశంలో వేరుమూలాల వాడకానికి ముఖ్య కారణాలు నీటి ఎద్దడి, చౌడు. డాగ్రిడ్జ్ వేరుమూలం వీటిని తట్టుకున్నా తీగకు అధిక బలాన్నిస్తుంది. ఆకు దట్టమై గుత్తులు నీడలో పడితే వైన్ నాణ్యత తగ్గుతుంది. కనుక రకంతోపాటు వేరుమూలం ఎంపిక కూడా ముఖ్యమే.

సలహాకు ముందు పరిశీలించవలసినవి

మొదట, కొనుగోలుదారు ఏ రకాన్ని, ఎంత బ్రిక్స్ వద్ద, ఎంత ఆమ్లతతో, ఏ ధరకు, ఎన్నేళ్లపాటు తీసుకుంటాడో వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. రెండవది, కోత నెలల్లో ఆ ప్రాంతపు పగటి, రాత్రి ఉష్ణోగ్రతలను కనీసం కొన్ని సంవత్సరాల వాతావరణ నమోదుల నుంచి చూడాలి. మూడవది, అక్టోబర్ వర్షాల సరళిని గమనించాలి. నాలుగవది, నేల, నీటి పరీక్షల ఫలితాలను బట్టి వేరుమూలాన్ని నిర్ణయించాలి. ఈ నాలుగింటిలో మొదటిది లేనప్పుడు, మిగిలిన మూడూ అనుకూలించినా వైన్ ద్రాక్ష నాటమని చెప్పకపోవడమే రైతుకు మేలు.