వాపు తగ్గించే బిళ్లలన్నీ గుండెకు మంచివి కావు

కాకినాడ

చిరంజీవి రవికి,

నీ మెసేజ్ చూశాను. గుండెజబ్బుకు మూలం ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు అంటున్నారు, మోకాలి నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ ఇన్‌ఫ్లమేషన్ తగ్గించేదే, కాబట్టి స్టెంట్ వేసిన గుండెకూ అది మంచిదే కదా అని అడిగావు. ఇంజినీరువి, లెక్క బాగానే వేశావురా. జవాబే తప్పు. ముందు ఆ బిళ్లలు పక్కన పెట్టి, ఆ తర్వాత ఈ ఉత్తరం చదువు.

నువ్వు పట్టుకున్న మొదటి మాట నిజమే. గుండె రక్తనాళంలో పూడుకున్నది ఉత్త కొవ్వు కాదు. పాథాలజీ చెప్పే రోజుల్లో పిల్లలకు ఆ స్లయిడు మైక్రోస్కోపు కింద పెట్టి చూపించేవాణ్ణి. నాళం గోడలో, కొవ్వు మింగి ఉబ్బిన తెల్లకణాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. వాటి మధ్య చచ్చిన కణాల ముద్ద. కొలెస్టరాల్ స్ఫటికాలు ఉండిన చోట సన్నని సూది ఖాళీలు. ఈ ముద్దకూ పారే రక్తానికీ మధ్య అడ్డుగా ఒక పీచు పొర. పొర మందంగా ఉన్నన్నాళ్లు పెద్దగా భయం లేదు. లోపలి కణాలు రెచ్చిపోయి వదిలే ఎంజైములు దాన్ని తినేస్తూ పోతే ఒకరోజు చిట్లుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే జర్మనీ డాక్టరు విర్కో దీన్ని నాళం గోడకు వచ్చిన వాపు జబ్బు అన్నాడు. వియన్నాలో రొకిటాన్‌స్కీ మాత్రం గోడ మీద పేరుకున్న రక్తపు గడ్డలదే తప్పంతా అన్నాడు. ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉందని తేలడానికి వందేళ్లు దాటింది.

పొర చిట్లగానే ఏం జరుగుతుందో చూడు. ఆ ముద్దలోని కణాలు టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ తయారుచేసి పెట్టుకుని ఉంటాయి. అది రక్తానికి తగలగానే థ్రాంబిన్ పుడుతుంది, ఫైబ్రిన్ పోగులు అల్లుకుంటాయి, ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుంటాయి. నిమిషాల్లో గడ్డ. అక్కడితో ఆగదు. థ్రాంబిన్ తిరిగి నాళం గోడ కణాలను రేపుతుంది, ప్లేట్‌లెట్లు వదిలే రసాయనాలు ఇంకొన్ని తెల్లకణాలను రప్పిస్తాయి. వాటిలో కొన్ని తమ డీఎన్ఏనే వలలా బయటికి విసురుతాయి. ఆ వల మీద గడ్డ ఇంకా గట్టిపడుతుంది. ఈ గొడవ లివరుకు తెలిసి, వాపుకు గుర్తుగా రక్తంలో కనిపించే సీఆర్పీ అనే ప్రొటీన్‌తో పాటు ఫైబ్రినోజెన్ కూడా ఎక్కువ చేస్తుంది. ఫైబ్రిన్‌కు ముడిసరుకు అదే మరి. వాపు గడ్డను పిలుస్తుంది, గడ్డ వాపును పిలుస్తుంది. మోకాలు దోక్కుపోయినప్పుడు మనల్ని కాపాడేదీ ఈ ఏర్పాటే: రక్తం ఆగాలి, క్రిములు చావాలి. గుండె నాళంలో అదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక నీ బిళ్లల సంగతి. కీళ్ల నొప్పులకు రోఫెకాక్సిబ్ అని ఒక మందు ఉండేది. వాపు తగ్గించడంలో దిట్ట. గుండెపోట్లు పెరుగుతున్నాయని తేలి 2004లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. ప్లేట్‌లెట్లు అంటుకోకుండా నాళం గోడ ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాన్ని చేసుకుంటుంది. ఆ మందు దాన్ని తగ్గించి, ప్లేట్‌లెట్లను అంటించే థ్రాంబాక్సేన్‌ను మాత్రం వదిలేసింది. నొప్పి తగ్గింది, గడ్డకు దారి తెరుచుకుంది. డైక్లోఫెనాక్‌దీ దాదాపు అదే దారి. పోనీ ఐబూప్రొఫెన్ వేసుకుంటానంటావేమో. గడ్డ కట్టకుండా నువ్వు వేసుకునే ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ మీద కూర్చోవాల్సిన చోట ముందే అది కూర్చుని, ఆస్పిరిన్‌ను పనిచెయ్యనివ్వదు.

వాపును ఏ దారిలో ఆపుతున్నామన్నదే అసలు ప్రశ్న. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం పనిలోంచి వచ్చిన మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి ఇప్పటికీ మంచి మందు. గుండెకు పనికొస్తుందేమోనని చూస్తే, 2018లో లాభం లేదని తేలింది. అంతకు ముందు ఏడాది, కనకినుమాబ్ అనే వాపు తగ్గించే ఇంజెక్షన్‌ను గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా రోగుల మీద పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. కొలెస్టరాల్ జోలికి పోకుండానే, కొత్త పోట్లూ పక్షవాతాలూ గుండె మరణాలూ కలిపి 15 శాతం దాకా తగ్గాయి. కానీ ఇన్‌ఫెక్షన్లతో చనిపోయినవాళ్లు పెరిగారు. గౌట్ నొప్పుల మందు కోల్చిసిన్ 2019లోనూ 2020లోనూ మేలు చూపించింది, 2024లో వచ్చిన పెద్ద పరీక్షలో చూపించలేదు. అవసరమో కాదో నీ కార్డియాలజిస్టు చెప్పాలి. అన్నట్టు, మన అడవినాభి దుంపలో ఉండేదీ ఆ కోల్చిసినే. ఎవరో పసరు మందని ఇస్తే నోట పెట్టేవు, ప్రాణం పోతుంది.

స్టెంట్ ఒక్క చోటును నిలబెట్టింది, అంతే. చాలా గుండెపోట్లు సగం కూడా మూసుకోని చోట పొర చిట్లి వచ్చినవే. అందుకే ఆస్పిరిన్, ప్లేట్‌లెట్లు అంటుకోకుండా దానితో పాటు ఇచ్చిన రెండో బిళ్ల, స్టాటిన్ అన్నీ వేసుకోవాలి. స్టాటిన్ కొలెస్టరాల్‌తో పాటు సీఆర్పీనీ దించుతుంది. రిపోర్టు బాగుందని మానెయ్యకు. నెలనెలా సీఆర్పీ పరీక్ష కూడా వద్దు, జలుబు చేసినా అది పెరుగుతుంది, నీకు నిద్ర పట్టదు. సిగరెట్ సంగతి మీ అమ్మకు తెలియదనుకుంటున్నావు గానీ, వాపునూ గడ్డనూ రెంటినీ ఎగదోసేది అదే. ఏటా ఫ్లూ టీకా వేయించుకో. కెనడాలో చూస్తే, ఫ్లూ అని తేలిన మొదటి 7 రోజుల్లో గుండెపోట్లు దాదాపు 6 రెట్లు ఎక్కువగా కనిపించాయి.

మోకాలికి ఫిజియోథెరపీ మొదలుపెట్టు. నొప్పికి పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో మీ డాక్టరును అడుగు. పన్ను పీకించుకోవాల్సి వచ్చి డెంటిస్టు రక్తం పలచబడే మందులు ఆపమంటే, ముందు కార్డియాలజిస్టుకు ఫోన్ చెయ్యి. ఆ రెండో బిళ్ల ఎప్పటి దాకా వేసుకోవాలో ఈసారి వెళ్లినప్పుడు అడిగి, తేదీతో సహా చీటీ మీద రాయించుకో.

ఇట్లు,
మీ బాబాయి