అమ్మానాన్నలకు ఏం చూపించాలి?

ప్రశ్న: తెనాలి నుంచి అమ్మానాన్నలు డాలస్‌లో మా ఇంటికి వచ్చారు. నయాగరా చూపిస్తే బాగుందన్నారు, అంతే. వీధిలో స్కూల్ బస్సు ఆగితే మాత్రం నాన్న కదలరు. ఇంకేం చూపించాలి?

జవాబు: నాన్నగారు చూస్తున్నది చిన్న విషయమేం కాదండీ. ఎర్రదీపాలు వెలిగి, స్టాప్ పలక తెరుచుకోగానే, డివైడర్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే కార్లు కూడా ఆగాలి. పోలీసు ఉండడు, హారన్ మోగదు. ఆ బస్సుల పసుపు రంగు 1939లో కొలంబియా యూనివర్సిటీలో జరిగిన సమావేశంలో ఖాయమైంది; మసక వెలుతురులోనూ దాని మీద నల్ల అక్షరాలు బాగా కనబడతాయని. మీరేమో ఆ బస్సు వెనక విసుక్కుంటూ ఆగుతుంటారు.

అమ్మగారు ‘బట్టలెక్కడా ఆరేయరేం?’ అని అడిగే ఉంటారు. చాలా కాలనీల్లో ఇళ్ల సంఘాలు ఒప్పుకోవు. అంత ఎండ పెట్టుకుని డ్రైయర్ ఎందుకంటే మాత్రం ఆవిడ మాటే రైటు!

శని, ఆదివారాల కోసం ఆగకండి. మామూలు రోజున సరుకులకూ, పోస్టాఫీసుకూ వెంటబెట్టుకెళ్లండి. పబ్లిక్ లైబ్రరీలో కార్డు లేకున్నా కూర్చుని చదువుకోవచ్చు. ధరలు రూపాయల్లోకి మార్చుకుంటుంటే అడ్డుపడకండి, సరదా అంతా అందులోనే ఉంది. అన్నట్టు, విజిటర్ వీసా మీద వచ్చినవారికి మెడికేర్ వర్తించదు. ప్రయాణ బీమా గడువు ఒకసారి చూసుకోండి.