బొగ్గులో దాగిన మీథేన్: కెమిస్ట్రీ, మైనింగ్ విద్యార్థులకు ఒక దారి

నంద్యాల జిల్లాలో బొగ్గు దొరకదు, సున్నపురాయి దొరుకుతుంది. ఆ రాయిని సిమెంటుగా మార్చే కొలిమిగుండ్ల, గడివేముల వైపు ఫ్యాక్టరీలకు బొగ్గు బయటినుంచే రావాలి. వచ్చిన బొగ్గును ల్యాబ్‌లో పరీక్షిస్తారు. తేమ ఎంత, బూడిద ఎంత, వేడికి ఆవిరై పోయేది ఎంత, మిగిలే కార్బన్ ఎంత అని చూసే ఈ పరీక్షకు ప్రాక్సిమేట్ అనాలిసిస్ అని పేరు. భూగర్భంలో టన్ను బొగ్గు ఎంత మీథేన్‌ను పట్టి ఉంచగలదో అంచనా వేసేవాళ్లు కూడా మొదట అడిగేది ఈ నాలుగు అంకెలే. అందుకే నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో డిగ్రీ, డిప్లొమా చదివే విద్యార్థికి ఈ రంగం అనుకున్నంత దూరంలో లేదు.

డిగ్రీ కెమిస్ట్రీలో అధిశోషణం, అంటే గ్యాస్ అణువులు ఘనపదార్థం ఉపరితలానికి అంటుకోవడం గురించి పాఠం ఉంటుంది. లాంగ్‌మ్యూర్ సమీకరణాన్ని పరీక్ష కోసం బట్టీపట్టి చాలామంది అక్కడితో వదిలేస్తారు. అలా వదిలేయడం నష్టం. అమెరికన్ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1918లో ఇచ్చిన ఆ సమీకరణంతోనే నేటికీ బొగ్గు పొరల్లోని గ్యాస్ లెక్కకడుతున్నారు.

బొగ్గులో 2 నానోమీటర్ల కన్నా సన్నని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. మీథేన్ అణువులు వాటి గోడలకు వాండర్‌వాల్స్ బలాలతో అంటుకుని ఉంటాయి. రసాయన బంధం ఏదీ ఏర్పడదు కాబట్టి పీడనం తగ్గగానే విడివడి బయటికొస్తాయి. పీడనం పెంచితే మరిన్ని అంటుకుంటాయి, కానీ అదే నిష్పత్తిలో కాదు. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కేటప్పుడు మొదటివాళ్లకు సీటు ఇట్టే దొరుకుతుంది, సీట్లు నిండేకొద్దీ వెతుక్కోవాలి, ఇక్కడా అంతే.

లెక్కలో చూద్దాం. ఒక బొగ్గు గరిష్ఠ సామర్థ్యం టన్నుకు 20 ఘన మీటర్లు, అందులో సగం నిండే పీడనం 4 మెగాపాస్కల్ అనుకోండి. సుమారు 400 మీటర్ల లోతున నీటి పీడనం అంతే ఉంటుంది. అక్కడ 10 ఘన మీటర్లు పడుతుంది. 800 మీటర్ల లోతుకు వెళ్తే పీడనం రెట్టింపవుతుంది, గ్యాస్ మాత్రం 13.3 దగ్గరే ఆగుతుంది. పైగా ఇది శుద్ధమైన బొగ్గు లెక్క. బూడిద 30 శాతం, తేమ 5 శాతం ఉంటే ఆ 13.3 కాస్తా దాదాపు 8.7కి పడిపోతుంది. ఖనిజ పదార్థం మీథేన్‌ను దాదాపు పట్టుకోదు. నీటి అణువులేమో మీథేన్ కూర్చోవాల్సిన చోటును ముందే ఆక్రమిస్తాయి. గోదావరి లోయ బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి మనవాళ్లకు ఈ దిద్దుబాటు చాలా ముఖ్యం.

లోతు పెరిగేకొద్దీ గ్యాస్ పెరుగుతూనే ఉంటుందా? ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఇది. లోతుకు వెళ్లేకొద్దీ పీడనంతో పాటు ఉష్ణోగ్రతా పెరుగుతుంది, వేడి అధిశోషణాన్ని తగ్గిస్తుంది. కనుక కొంత లోతు దాటాక సామర్థ్యం తగ్గుముఖం పడుతుంది. బొగ్గు ఎంత పరిణతి చెందింది, అందులో విట్రినైట్ అనే మెరిసే భాగం ఎంత అన్నవీ చూడాలి. కార్బన్ డయాక్సైడ్ అయితే మీథేన్ కన్నా గట్టిగా, ఎక్కువగా అంటుకుంటుంది. బొగ్గు పొరల్లోకి దాన్ని పంపి మీథేన్‌ను బయటికి తోయవచ్చన్న పరిశోధనకు అదే ఆధారం.

సామర్థ్యం వేరు, నిజంగా ఉన్న గ్యాస్ వేరు. రెండోది తెలియాలంటే బోరు నుంచి తీసిన బొగ్గు కోర్‌ను వెంటనే డబ్బాలో బిగించి, వెలువడే గ్యాస్‌ను రోజుల తరబడి కొలవాలి. పైకి తెచ్చేలోపు పోయినదాన్ని లెక్కకట్టి, చివరికి బొగ్గును పొడిచేసి మిగిలినదాన్నీ కలపాలి. ఇలా వచ్చిన అంకె సామర్థ్యం కన్నా బాగా తక్కువైతే, పీడనం తగ్గి గ్యాస్ కదలడానికి ముందే చాలా నీరు తోడాలి. మీథేన్ తీసే బావి లాభమా నష్టమా అన్నది ఈ తేడాలోనే తేలుతుంది. ఈ పనికి ఓపిక, శుభ్రమైన రికార్డు కావాలి. ర్యాంకుల కన్నా ఆ అలవాటుకే నేను ఎక్కువ విలువిస్తాను.

ప్రాణాల సంగతీ ఉంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుడుకు నిప్పురవ్వ చాలు. 1958 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్‌లోని చినాకురి గనిలో పేలుడు 170 మందికి పైగా కార్మికులను బలితీసుకుంది. అందుకే టన్ను బొగ్గుకు వెలువడే గ్యాస్‌ను బట్టి మన భూగర్భ బొగ్గు గనులను మూడు డిగ్రీలుగా విభజించారు. టన్నుకు 10 ఘన మీటర్లు దాటితే మూడో డిగ్రీ, అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

ఇక చదువులు. మైనింగ్ ఇంజినీరింగ్‌కు ధన్‌బాద్ ఐఐటీ, మన భాషా ప్రాంతంలో 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన కొత్తగూడెం సంస్థ పేరున్నవి. పెట్రోలియం వైపు ఆసక్తి ఉంటే విశాఖలో పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థ ఐఐపీఈ ఉంది. జియాలజీకి ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలున్నాయి. బీఎస్సీ వాళ్లు ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి జామ్ పరీక్ష రాయవచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, జియాలజీ పూర్తిచేసినవారికి యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష తలుపు తెరుస్తుంది. పరిశోధనకు ధన్‌బాద్‌లో కేంద్ర మైనింగ్, ఇంధన పరిశోధన సంస్థ సింఫర్, రాంచీలో కోల్ ఇండియాకు చెందిన సీఎంపీడీఐ ఉన్నాయి. సింగరేణి నియామకాల్లో తెలంగాణ స్థానికులకే పెద్దపీట. కాబట్టి మన జిల్లావాళ్లు దేశమంతటికీ వర్తించే కోల్ ఇండియా ప్రకటనలపై కన్నేయాలి. 2019 నుంచి భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాలకు మహిళలనూ అనుమతిస్తున్నారు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మాట తప్పక తెలుసుకోవాలి.

బొగ్గు పొరల మీథేన్ వాణిజ్య ఉత్పత్తి మన దేశంలో 2007లో రాణిగంజ్‌లో మొదలైంది. రంగం చిన్నదే, ఖాళీలు వందల్లో పడవు. అయినా నేర్చుకున్న విద్య వృథా కాదు. కోవిడ్ కాలంలో ఆసుపత్రుల్లో పెట్టిన పీఎస్ఏ ఆక్సిజన్ ప్లాంట్లలో జియోలైట్ నైట్రోజన్‌ను పట్టుకునేదీ అధిశోషణంతోనే. 2025 రసాయన నోబెల్ అందుకున్న కితగావా, రాబ్సన్, యాఘీ తీర్చిదిద్దిన లోహ-సేంద్రియ చట్రాలు కూడా గ్యాస్‌ను పట్టి ఉంచే సన్నని రంధ్రాల పదార్థాలే.

ఈ వేసవి సెలవుల్లో మీ కాలేజీ లేఖ తీసుకుని దగ్గరలోని సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో శిక్షణకు అవకాశం అడగండి. తేమ, బూడిద మీ చేత్తో కొలవండి. ఆ కొలతలు రాసుకున్న నోట్‌బుక్‌ను దాచుకుని, ఇంటర్వ్యూకు వెంట తీసుకెళ్లండి.