రూములో అడిగే ప్రశ్నలకు ఊళ్లోనే జవాబులు

నారాయణఖేడ్ నుంచి దుబాయికో, దమ్మాంకో, దోహాకో పోయే మనిషికి భాష పెద్ద కష్టం కాదు. 1956 దాకా ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఇప్పటికీ ఇక్కడ తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినబడతాయి. తండాల్లో లంబాడీ సరేసరి. గల్ఫ్ క్యాంపుల్లో నడిచేది ఎక్కువగా హిందూస్తానీయే కాబట్టి పెషావర్ డ్రైవరుతోనైనా, కేరళ ఎలక్ట్రీషియనుతోనైనా మొదటి రాత్రే మాట కలుస్తుంది. ఇందులో లాభమెంతో చిక్కూ అంతే ఉంది. భాష రానివాడు ఇబ్బందిపెట్టే ప్రశ్న ఎదురైతే నవ్వి అటు తిరిగి పడుకుంటాడు. మనవాడు జవాబు చెబుతాడు. తర్వాత దాన్ని వివరిస్తాడు. ఆ తర్వాత వాదిస్తాడు.

కశ్మీర్ ఎవరిది, మోదీ మంచోడా, ఏ దేవుణ్ని మొక్కుతావు, గొడ్డుమాంసం తింటావా, పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లలెందుకు లేరు, జీతమెంత? అడిగేవాళ్లలో చాలామందికి చెడ్డ ఉద్దేశం ఉండదు, పొద్దుపోక అడుగుతారు. అయినా వీటన్నిటికీ ఒకటే మందు పనిచేయదు. కొన్నిటి దగ్గర మౌనం మిమ్మల్ని కాపాడుతుంది. కొన్నిటి దగ్గర మీరు నోరు మూసుకుంటే బాగుపడేది ఏజెంటూ కంపెనీయే.

ముందు చట్టం సంగతి. యూఏఈలో 2021 నాటి 34వ నంబరు సైబర్ నేరాల చట్టం 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉంది. వాట్సాప్‌లో ఒకణ్ని తిట్టినా దాని కిందికి వస్తుంది. జైలు పడొచ్చు, లేదా రెండున్నర లక్షల నుంచి 5 లక్షల దిర్హాముల దాకా జరిమానా పడొచ్చు. రూములో గొడవవుతుంటే చాటుగా రికార్డు చేసి ఊరి గ్రూపులో పెట్టడం కూడా నేరమే. 2020 ఏప్రిల్‌లో మతం మీద పోస్టులు పెట్టి అక్కడ కొందరు భారతీయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అప్పటి మన రాయబారి పవన్ కపూర్ స్వయంగా ట్విట్టర్‌లో హెచ్చరించాల్సి వచ్చింది. మతం, రాజకీయం, అక్కడి పాలకులు: ఈ మూడింటి మీద ఫోనులో ఒక్క అక్షరం టైపు చేయొద్దు, వాయిస్ మెసేజ్ పెట్టొద్దు. నోటితో అన్నది తెల్లారితే సర్దుకోవచ్చేమో, ఫోనులో పడింది సాక్ష్యమవుతుంది.

నోటితో అడిగినవాడికి మాత్రం ఏదో ఒకటి చెప్పాలి కదా. కశ్మీర్ అన్నా, మోదీ అన్నా మన దక్కనీలోనే మంచి జవాబుంది: "బడే లోగాఁ కీ బాతాఁ హై భాయ్, అపన్ కు సుబా డ్యూటీ హై" (పెద్దోళ్ల ముచ్చట్లు భాయ్, మనకు పొద్దున్నే డ్యూటీ ఉంది). నవ్వుతూ అనండి, అని లేచి చాయ్ పెట్టండి. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట అనండి. కొత్త మాట వెతికారంటే వాదంలోకి దిగినట్టే. మతం అడిగితే ఒక్క మాటలో నిజం చెప్పండి, సంజాయిషీ వద్దు. సౌదీలో ఇకామా (నివాస అనుమతి) కార్డు మీదే మతం రాసి ఉంటుంది, అబద్ధం ఒక పూట కూడా నిలవదు. పిల్లల ప్రశ్నకు "ఊపర్‌వాలే కీ మర్జీ" (పైవాడి ఇష్టం) అంటే చాలు, ఏ మతంవాడైనా తలూపి ఊరుకుంటాడు.

జీతం దగ్గర నా సలహా తిరగబడుతుంది. చెప్పండి. ఒకే ఏజెంటు, ఒకే వీసా, ఒకే పని, ఇద్దరికి రెండు జీతాలు అనే సంగతి బయటపడేది ఇద్దరూ నోరు విప్పినప్పుడే. ఊళ్లో పరువు కోసం ఎక్కువ చెప్పుకోవడం, అప్పుల భయంతో తక్కువ చెప్పుకోవడం మనకు అలవాటు. అక్కడ, ఒకే పని చేసేవాళ్ల మధ్య, ఆ రెండూ వద్దు. ఒప్పంద కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. అయితే ఈ మాటలు రూములోనే ఉండాలి, కంపెనీ గ్రూపులోకి ఎక్కకూడదు. వీసాకు ఎంత కట్టారన్నదీ దాచొద్దు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతకన్నా ఎక్కువ కట్టినవాడు సిగ్గుపడి చెప్పకపోతే అదే ఏజెంటు రేపు మీ బామ్మర్దిని పట్టుకుంటాడు. పాస్‌పోర్టు కంపెనీ తన దగ్గర పెట్టుకుందా అని ఎవరైనా అడిగితే అది కూడా నిజమే చెప్పాలి. యూఏఈ 2021 కార్మిక చట్టం ప్రకారం యజమాని దాన్ని ఉంచుకోకూడదు.

"ఎవడు కంప్లైంట్ చేస్తున్నాడు?" అని ఫోర్‌మన్ అడిగే రోజు వస్తుంది. "నా జీతం సంగతి నేను చెప్తా, వేరేవాళ్లది వాళ్లను అడగండి" అనండి. అంతే. జీతం ఆగితే దుబాయిలో మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342 ఉంది, ఏ దేశం నుంచైనా మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

కులం అడిగేది పరాయివాడు కాదు, మనవాడే. "ఇంటిపేరేంది?", "మనోళ్లేనా?" అంటాడు. వంట మెస్సు ఎవరితో కలపాలో, మంచం ఎవరి పక్కన వేయాలో తేల్చుకునే ఆరా అది. అమెరికా సాఫ్ట్‌వేర్ ఆఫీసులకూ ఇది వెంటపోయింది. 2020లో సిస్కో మీద కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం కుల వివక్ష కేసు వేసింది, 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. "ఖేడ్ దిక్కు మాది" అని ఊరితో ఆపండి. ఆ పైన అడిగితే, వంటకు ఎంత వేసుకోవాలో చెప్పమనండి. మీరు మాత్రం ఇంకొకణ్ని ఆ ప్రశ్న అడగొద్దు. ముందు మానాల్సింది మనమే.

అమెరికా పోయే పిల్లలకు ఇంకొక్కటి. ముక్కూమొహం తెలియనివాడు మీ వీసా ఏమిటని దబాయిస్తే జవాబివ్వాల్సిన పని లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతలో ఒక బారులో శ్రీనివాస్ కూచిభొట్లను, ఆయన మిత్రుణ్ని ఒకడు అలాగే అడిగాడు. వాణ్ని బయటికి పంపేశారు. తుపాకీతో తిరిగొచ్చి కాల్చాడు, శ్రీనివాస్ చనిపోయారు. అందులో ఆ ఇద్దరి తప్పు ఏమీ లేదు. అయినా అలాంటివాణ్ని పంపేశాక కూడా అక్కడ కూర్చోకుండా ఇంటికి రావడం మేలు.

ఇంట్లోవాళ్లకూ కొంత నేర్పి పోవాలి. అసలు చిక్కు చాలాసార్లు ఊరి నుంచే వస్తుంది. వీడియో కాల్‌లో స్పీకర్ పెట్టి ఉంటే, "నీ రూముల పాకిస్తానోళ్లు ఉన్నరా? జాగ్రత్త బిడ్డా" అని తల్లి అంటుంది. ఆమెకు తెలుగే వచ్చు, కానీ పాకిస్తాన్ అన్న పేరు పక్క మంచం మీదివాడికి అర్థమవుతుంది. తమ్ముడు ఎన్నికల వీడియో పంపుతాడు, నొక్కగానే నినాదాలు రూమంతా మోగుతాయి. విమానం ఎక్కేలోపు ఊరి గ్రూపుల్లోంచి బయటికి రండి, లేదంటే ఫైళ్లు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా సెట్టింగ్ మార్చుకోండి. ఇయర్‌ఫోన్లు రెండు జతలు కొనండి, ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుంది. ప్రయాణానికి వారం ముందు బామ్మర్దిని ఎదురుగా కూర్చోబెట్టి, ఈ ప్రశ్నలన్నీ ఉర్దూలో అడగమనండి.