చెప్పుల డబ్బాలో చిన్న పొట్లం

కోడలు సంతకు పోయి పెద్దపిల్లకు బడి చెప్పులు కొని తెచ్చింది. డబ్బా తెరిచింది. అందులో ఒక చిన్న తెల్ల పొట్లం ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

ఇంతలో చంటిపిల్ల ఆ పొట్లం తీసి నోట్లో పెట్టుకుంది. పొట్లం చినిగింది. నాలుగు పలుకులు నోట్లో పడ్డాయి.

"అయ్యో, విషమేమోనే!" అని అత్త కేక వేసింది. కోడలు వేలు పెట్టి పలుకులు తీసింది. పిల్లను ఎత్తుకుని నర్సమ్మ దగ్గరికి పరుగెత్తింది.

నర్సమ్మ పిల్లను చూసింది. పొట్లం మీది మాటలు చదివింది.

"భయపడకండి. 'తినరాదు' అని రాసి ఉంది. ఇది సిలికా జెల్. ఈ తెల్ల పలుకులు విషం కాదు. కానీ చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి. ఊపిరి ఆడదు. అందుకే వాళ్లకు అందనీయకూడదు. రంగు పలుకులు మింగితే మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవాలి" అంది.

"తినేది కాకపోతే డబ్బాలో ఎందుకు పెట్టారమ్మా?" అని అడిగింది కోడలు.

"చెప్పులకు చెమ్మ తగలకుండా. ఈ పలుకులు గాలిలోని తేమను పట్టి ఉంచుతాయి."

పలుకులు తేమను ఎలా పడతాయి?

ఇసుకలో సిలికా ఉంటుంది. ఇసుకను సోడాతో కలిపి బాగా వేడి చేసి కరిగిస్తారు. దానినుంచి వచ్చిన ద్రవంలో ఆమ్లం కలిపితే జిగురు ముద్ద అవుతుంది. ఆ ముద్దను కడిగి ఎండబెడితే ఈ పలుకులు వస్తాయి. అమెరికాలో వాల్టర్ పాట్రిక్ అనే శాస్త్రవేత్త ఇలా చేసే పద్ధతికి 1919లో పేటెంటు పొందాడు.

ఇసుక రేణువు గట్టిగా ఉంటుంది. సిలికా జెల్ పలుకులో మాత్రం లోపలంతా సన్నని రంధ్రాలే. కొత్త కుండకు చెమట పట్టడం మనం చూస్తాం కదా! కుండ గోడలో కంటికి కనబడని రంధ్రాలు ఉండబట్టే నీరు పైకి ఊరుతుంది. ఈ పలుకులోని రంధ్రాలు అంతకంటే చాలా చిన్నవి. ఒక్కో రంధ్రంలో అడ్డంగా సుమారు ఏడెనిమిది నీటి అణువులే పడతాయి.

అణువు అంటే ఏమిటి? నీటి బొట్టును విడగొట్టుకుంటూ పోతే చివరికి మిగిలే అతి చిన్న నీటి కణమే నీటి అణువు.

రంధ్రాలు చిన్నవే. కానీ అవి లెక్కలేనన్ని. ఒక్క గ్రాము పలుకుల లోపలి గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే 10 సెంట్ల కన్నా ఎక్కువ చోటు పడుతుంది! అందుకే చిన్న పొట్లం అంత తేమను పట్టగలదు. గాలిలో చెమ్మ బాగా ఉంటే 100 గ్రాముల పలుకులు సుమారు 30 గ్రాముల నీటిని పడతాయి.

లోపల నీరు ఏం చేస్తుంది?

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఉంటాయి. సిలికా గోడల మీద కూడా ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు మొలకల్లాగా నిలబడి ఉంటాయి. నీటి అణువు దగ్గరికి రాగానే ఆ జంటలు పట్టుకుంటాయి. ఇది బంకతో అంటించినట్టు కాదు. చేతులు పట్టుకున్నట్టు. నీటి అణువు ఒక జంటను వదిలి పక్క జంటను పట్టుకుంటుంది. గోడకు ఆనుకున్న అణువులు నెమ్మదిగా కదులుతాయి. దూరంగా ఉన్నవి చురుకుగా తిరుగుతాయి.

ఇంకో వింత ఉంది. హైడ్రోజన్ నడుమ ఉండే గింజను ప్రోటాన్ అంటారు. అప్పుడప్పుడు ఒక ప్రోటాన్ తన చోటు వదిలి పక్క నీటి అణువు దగ్గరికి పోతుంది. అక్కడి ప్రోటాన్ ఒకటి ఆ పక్కకు పోతుంది. గోడ మీది జంటలు కూడా నీటితో ఇలా ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఇంటికి స్లాబు పోసేటప్పుడు చూడండి. ఆడవాళ్లు వరుసగా నిలబడతారు. ఎవరి చోట వాళ్లే ఉంటారు. తట్ట మాత్రం చేతులు మారుతూ పైకి పోతుంది. ప్రోటాన్ పోయేదీ అలాగే.

నీరు గోడను పట్టుకునే ఉంది కానీ దానిలో కలిసిపోలేదు. అందుకే పలుకులను వేడి చేస్తే నీటి అణువులు గోడను వదిలి ఆవిరై పోతాయి. పలుకులు మళ్లీ పనికివస్తాయి.

విత్తనాలకు మేలు

"ఏటేటా మా చిక్కుడు విత్తనాలు సగం మొలవవు. వానాకాలంలో చెమ్మ తగులుతుంది" అంది అత్త.

"అయితే ఈ పలుకులే వాడండి" అని నర్సమ్మ చెప్పింది. విత్తనాలలో తేమ ఒక శాతం తగ్గితే వాటి ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని విత్తన శాస్త్రజ్ఞుల లెక్క.

అత్తాకోడళ్లు ముందు విత్తనాలను బాగా ఆరబెట్టారు. తెల్ల పలుకులను పొట్లం నుంచి తీసి, వంటకు వాడని పాత మూకుడులో సన్న సెగ మీద వేడి చేశారు. చల్లారగానే గుడ్డ సంచిలో మూటకట్టారు. మూటను, విత్తనాలను ఒకే సీసాలో పెట్టి మూత గట్టిగా బిగించారు. మూత వదులైతే పలుకులు ఊరిగాలి తేమనంతా పడతాయి. విత్తనాలకు లాభం ఉండదు. రంగు పలుకులను మాత్రం ఇంట్లో వేడి చేయకూడదు.

సీసాను పిల్లలకు అందకుండా అటక మీద పెట్టబోయారు. కోడలు ఆగమంది. చిన్న కాగితం తెచ్చి, నెమ్మదిగా తెలుగులో రాసి సీసాకు అంటించింది.

"చిక్కుడు విత్తనాలు. లోపల మూట ఉంది. తినరాదు."

అత్త వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

చెప్పండి, రాయండి

1. తెల్ల పలుకులు విషం కాకపోయినా పిల్లలకు ఎందుకు ఇవ్వకూడదు?
2. చిన్న పలుకు అంత తేమను ఎలా పట్టగలదు?
3. వేడి చేస్తే పలుకులు మళ్లీ ఎందుకు పనికివస్తాయి?
4. మీ ఇంట్లో ఏ సీసాల మీద పేరు రాసి అంటించాలి? రాసి చూపించండి.