తెర మీది ఆఖరి వరుస

ఉదయం తొమ్మిదిన్నరకు విద్యార్థులు ల్యాబ్‌కు వస్తారు. తొమ్మిదింటికి సిస్టమ్‌లన్నీ ఆన్ చేస్తే, నిన్న అప్‌డేట్ వేసిన పాత డబ్బా ఒకటి నల్ల తెరతో ఆగిపోయి ఉంటుంది. పైన ఒకే వరుస: ‘లోడింగ్ ఇనిషియల్ ర్యామ్‌డిస్క్’. ఎవరిని అడిగినా ఫార్మాట్ కొట్టేయమంటారు. కొట్టకండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని యంత్రాలకు లినక్స్ వేసి ఇంకొన్నేళ్లు నడిపించే పని మనలాంటి ల్యాబ్ వాళ్ల మీద పడింది. అలాంటి యంత్రం బూట్‌లో ఆగితే ఎక్కడ ఆగిందో కనుక్కోవడం చేతనై ఉండాలి.

ముందు ఆ వరుస సంగతి. దాన్ని రాసింది కెర్నల్ కాదు, బూట్‌లోడర్ గ్రబ్. కెర్నల్‌నూ ర్యామ్‌డిస్క్‌నూ మెమరీలోకి ఎక్కించి, పగ్గాలు అప్పగించి గ్రబ్ తప్పుకుంది. కెర్నల్ ఇంకా తెరను తన అదుపులోకి తెచ్చుకోలేదు, లేదా నోరు మెదపొద్దని మనమే చెప్పి ఉన్నాం. అందుకే పాత అక్షరాలు అలాగే ఉండిపోయాయి. మొదట్లో నేను ఈ వరుసను నమ్మి ఒక పూటంతా ర్యామ్‌డిస్క్‌ను మళ్లీ మళ్లీ తయారుచేశాను. తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఉంది. తెర మీద చివరగా కనిపించే పని చాలాసార్లు సవ్యంగా అయిపోయిన పనే.

నిజంగా హ్యాంగ్ అయిందో లేదో కూడా చూడాలి. గడియారం చూసి ఐదు నిమిషాలు ఆగండి. సిస్టమ్‌డీ ఏదైనా డిస్కు కోసం ఎదురుచూస్తుంటే మామూలుగా 90 సెకన్లు ఆగి ముందుకు పోతుంది. బయోస్‌లో ఫ్లాపీ ఉందని రాసి, డబ్బాలో ఫ్లాపీ డ్రైవ్ లేకపోతే, కెర్నల్ ఆ లేని డ్రైవ్‌ను చదవబోయి చాలాసేపు ఆగుతుంది. బయోస్‌లో ఫ్లాపీని తీసేస్తే సరిపోతుంది. తర్వాత క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు మారితే కెర్నల్ బతికే ఉంది. లైట్లు వాటంతటవే మిణుకుమిణుకుమంటే అది ప్యానిక్. యూఎస్‌బీ కీబోర్డు డ్రైవర్ ఆలస్యంగా లేస్తుంది కాబట్టి, గుండ్రటి పీఎస్/2 సాకెట్ ఉన్న యంత్రానికి ఆ పాత కీబోర్డు తగిలించి చూడడం మేలు.

ఇప్పుడు అన్నిటికన్నా చవకైన పరీక్ష. ఆన్ చేయగానే షిఫ్ట్ గానీ, యూఈఎఫ్ఐ యంత్రమైతే ఎస్కేప్ గానీ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఉంటుంది. దాంతో లేచిందంటే అనుమానం కొత్త కెర్నల్ మీదికి పోతుంది. ఆ పూట క్లాసు నడిపించండి, మిగతాది సాయంత్రం చూసుకోవచ్చు. పాతది కూడా అక్కడే ఆగితే డబ్బా మూత విప్పాలి. ర్యామ్ కాంటాక్టులు రబ్బరుతో తుడవండి, ఒక్కో ర్యామ్‌తో విడివిడిగా పెట్టి చూడండి, మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడవనివ్వండి, ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నాయేమో చూడండి. 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. మీరు తీసేసిన ఫ్లాపీ మళ్లీ ప్రత్యక్షమయ్యేది అప్పుడే.

కొత్త కెర్నలే కారణమైతే దాని చేత మాట్లాడించాలి. మెనూలో ఇంగ్లిష్ ‘ఇ’ కీ నొక్కి, ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుసకు వెళ్లండి. అక్కడ ‘క్వైట్’, ‘స్ప్లాష్’ తీసేసి ‘ఇగ్నోర్_లాగ్‌లెవెల్’, ‘ఇనిట్‌కాల్_డీబగ్’ చేర్చి ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే, భయం లేదు. ఇక కెర్నల్ తన ప్రతి భాగాన్నీ లేపే ముందు ‘కాలింగ్’ అనీ, అది పని ముగించాక ‘రిటర్న్‌డ్’ అనీ రాస్తుంది. జంట రాని ‘కాలింగ్’ ఏదో వెతకండి. కొన్ని డ్రైవర్లు ఒకేసారి పక్కపక్కన లేస్తాయి కాబట్టి అది నూటికి నూరుపాళ్లు రుజువు కాదు, కానీ వెతకాల్సిన వీధి తెలిసిపోతుంది. వరుసలు వేగంగా పోతాయి, ఫోన్‌లో వీడియో తీసి ఆపుకుంటూ చదవండి. తెర మీద ఏమీ రాకపోతే పాత యంత్రానికి ఒక వరం ఉంది: వెనక సీరియల్ పోర్టు. నల్ మోడెమ్ కేబుల్‌తో పక్క సిస్టమ్‌కు కలిపి, కన్సోల్‌ను 115200 వేగంతో మొదటి సీరియల్ పోర్టుకు మళ్లించమని రాస్తే మాటలన్నీ అక్కడికొచ్చి పడతాయి.

ఆచూకీ దొరికాక ఒక్కో ఆప్షన్ చొప్పున పరీక్షించండి. రెండు కలిపి పెడితే ఏది పనిచేసిందో తెలియదు. అక్షరాల సైజు మారబోయే క్షణంలో తెర నల్లబడితే ‘నోమోడ్‌సెట్’. హార్డ్ డిస్క్ దగ్గర ఆగితే ముందు సాటా కేబుల్ మార్చి, తర్వాత లింకు వేగాన్ని 1.5 గిగాబిట్‌కు తగ్గించే ‘లిబ్‌ఏటీఏ.ఫోర్స్’. ఇంటరప్ట్‌ల మీద అనుమానమైతే ‘పీసీఐ=నోఎమ్ఎస్ఐ’, ఆ తర్వాతే ‘నోఏపిక్’. చాలామంది మొదటే ‘ఏసీపీఐ=ఆఫ్’ రాసి, యంత్రం లేచిందని సంతోషిస్తారు. అలా వదిలేస్తే షట్‌డౌన్ చేసినా కరెంటు ఆగకపోవచ్చు, ప్రాసెసర్ కోర్ ఒక్కటే పనిచేయవచ్చు. దాన్ని కారణం వెతకడానికి వాడండి, శాశ్వతంగా ఉంచకండి.

ఒక విచిత్రమైన లక్షణం కూడా గుర్తుపెట్టుకోండి: కీబోర్డు మీద ఏవో కీలు నొక్కితేగానీ బూట్ ముందుకు కదలదు. 2019లో ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్‌లో చేసిన ఒక మంచి మార్పు వల్ల బూట్ సమయంలో డిస్కు పని తగ్గింది. దాంతో యాదృచ్ఛిక సంఖ్యల కోసం కెర్నల్ పోగుచేసుకునే ఇంటరప్ట్‌లూ తగ్గాయి, కొన్ని యంత్రాలు ఆ సంఖ్యల కోసం ఎదురుచూస్తూ ఆగిపోయాయి. కీలు నొక్కితే ఆ ఇంటరప్ట్‌లు అంది కదిలేవి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెర్నల్ 5.3 విడుదలకు ముందు ఆ మార్పును వెనక్కి తీసుకున్నాడు. 5.4 నుంచి కెర్నల్ ఆ యాదృచ్ఛికతను తనే పుట్టించుకుంటోంది. అంతకన్నా పాత కెర్నల్ మీద నడిచే యంత్రాల్లో ఈ జబ్బు ఇప్పటికీ తగలవచ్చు.

పనిచేసిన ఆప్షన్‌ను గ్రబ్ డిఫాల్ట్ ఫైల్‌లో చేర్చి ‘అప్‌డేట్-గ్రబ్’ నడపండి. తర్వాత కెర్నల్ వెర్షన్, మదర్‌బోర్డు మోడల్, ఆ ఆప్షన్, తేదీ ఒక కాగితం మీద రాసి డబ్బా మూత లోపలివైపు అంటించండి. వచ్చే ఏడాది మీ కుర్చీలో ఇంకొకరు ఉన్నా, మూత విప్పగానే ఆ కాగితం కనపడుతుంది.